తీర్పా, తీర్మానమా?

ఒక్క మనిషి తీసుకునేది నిర్ణయం. తగవు విని ఊరి పెద్దలు చెప్పేది తీర్పు. గ్రామసభ కూర్చుని చేసేది తీర్మానం. మాట్లాడేటప్పుడు మనం మూడింటినీ కలిపేస్తాం, ఫరవాలేదు. కాగితం మీద మాత్రం కుదరదు.

1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలంటుంది. చిన్నతరహా ఖనిజాల లీజుకైతే ముందస్తు సిఫార్సు తప్పనిసరి అంటుంది. సంప్రదించడమంటే అడగడం వరకే!

ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ గని వద్దని పన్నెండూ తీర్మానించాయి. డోంగ్రియా కోందుల కొండ అది. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి నిరాకరించింది.

మన ఊళ్లలో మినిట్స్ పుస్తకంలో 'చర్చించారు' అని ఉందా, 'తీర్మానించారు' అని ఉందా? చదువుకున్న పిల్లల చేత పైకి చదివించుకుందాం. వేలిముద్ర ఆ తర్వాతే.