కూనూరునుండి హైదరాబాదునకు: ఆహారశాస్త్ర విద్య

మన యువతీయువకులు పలువురు నేడు పోషకాహారశాస్త్రమునందును, రోగులకు పథ్యమును నిర్ణయించు వైద్యాహారవిద్యయందును ఉన్నతపట్టములను పొందగోరుచున్నారు. ఈ విద్య కేవలము పాశ్చాత్యదేశములనుండి వచ్చినదని తలచుట పొరపాటు. మన దేశమున దీని చరిత్ర తెలుగువారి అన్నపుకంచముతో ముడివడియున్నది.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఉత్తర సర్కారు తీరమందు బెరిబెరి వ్యాధి నెలకొనియుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడుట, ఒంటికి నీరుపట్టుట, గుండె బలహీనపడుట దీని లక్షణములు. పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టించినచో తవుడుతోపాటు థయామిన్ అను బి1 విటమిను చాలవరకు పోవును. మిగిలినదానిలో కొంత కడుగునీటితోను, వార్చిన గంజితోను జారిపోవును. ఉప్పుడుబియ్యము తినెడి తమిళ మండలములలో ఈ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించునపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకి నిలుచుటయే ఇందుకు కారణము. పేదరికము ఇరుతావులను కలదు. భేదము బియ్యమును సిద్ధపరచు తీరులోనే యున్నది.

ఈ వ్యాధిని పరిశోధించుటకై రాబర్ట్ మెకారిసన్ 1918లో నీలగిరులయందలి కూనూరున పని ప్రారంభించెను. ఆ చిన్న కేంద్రమే క్రమముగా న్యూట్రిషన్ రిసర్చి లేబొరేటరీస్‌గా పెరిగెను. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి అచట పరిశోధనలు సలిపిరి. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. తెలుగుతీరపు వ్యాధికై తమిళదేశమున వెలసిన విద్యాలయము చివరకు తెలుగునేలకే చేరినది!

ఆ సంస్థయందు అనువర్తిత పోషకాహారమున ఎం.ఎస్‌సి. చదువవచ్చును. తమిళనాడునందలి మన ఆడపడుచులకు, 1957లో కళాశాలగా నెలకొన్న కోయంబత్తూరు అవినాశిలింగం సంస్థ చేరువలో నున్నది. ఆస్పత్రిలో పనిచేయగోరువారు పట్టముతో తృప్తిపడరాదు. రోగుల చెంత శిక్షణ పొందవలెను. 1963లో ఏర్పడిన భారత ఆహారవేత్తల సంఘము పరీక్ష జరిపి రిజిస్టర్డు డైటీషియను అర్హత నొసగుచున్నది. 2021నాటి కేంద్రశాసనము ఈ వృత్తిని ఆరోగ్యవృత్తులలో చేర్చినది.

షోలాపురమునను, బరంపురమునను, హోసూరునను తరతరములుగా ఇంట తెలుగే పలుకు కుటుంబములు కలవు. మధుమేహముతో ఆస్పత్రికి వెళ్ళిన వృద్ధురాలికి పరభాషలో, పరుల వంటలతో నిండిన పథ్యపత్రము చేతికిచ్చిన నేమి ఫలము? “అమ్మమ్మా, గంజి వారుస్తారా, అత్తెసరు పెడతారా?” అని అడుగగలవారికే ఆ వంటింటి నిజము తెలియును. ఇంటిభాషయు, ఊరిభాషయు రెండును ఎరిగిన మన బిడ్డలకే ఇది సులభసాధ్యము. బెరిబెరి రహస్యము వెల్లడియగుటకు ఆహారపు అలవాటులను పరిశీలించుటయు తోడ్పడినది. ఆ పాఠమును మరువని విద్యార్థులు మన సంఘములనుండి బయలుదేరవలెనని మా ఆకాంక్ష.