మూసీకి మనము తిరిగి ఇచ్చునది

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద హైదరాబాదును ముంచివేసినది. వేలాదిమంది మరణించిరి. మరుసటి ఏట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద రక్షణను, నగరపు మురుగునీటి పారుదలను రెంటిని కలిపి ఆలోచించిరి. వరదను ఆపుటకై ఎగువన వెలసిన ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) మనకు త్రాగునీటిని గూడ ఇచ్చినవి.

నగరము పెరిగినది. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి జలములు వచ్చినవి. కృష్ణ నీరు 100 కిలోమీటర్లకు పైగా పయనించి, విద్యుత్తు బలముతో ఎత్తునకు ఎక్కవలెను. కొళాయి త్రిప్పిన ప్రతిసారి మనము నీటితోపాటు విద్యుత్తును గూడ వాడుచున్నాము.

అమెరికా ఇంజనీరు ఏబెల్ వోల్మన్ 1965లో పది లక్షల జనాభాగల నగరము నొకదానిని ఊహించి లెక్క వేసెను. దినమునకు 6,25,000 టన్నుల నీరు లోనికి వచ్చినచో, 5,00,000 టన్నులు మురుగై వెలుపలికి పోవునట. వచ్చిన నీరు మాయము కాదు.

మన మురుగు మూసీలో కలిసి, దిగువ పల్లెల పొలములకు పారుచున్నది. మనము విడిచినదే వారి సేద్యపు నీరు. కావున క్రొత్త నీటికి గొట్టము గీసిననాడే, అది శుభ్రపడి తిరిగి పోవు దారిని గూడ గీయవలెను.