కుదరని బేరానికీ ఒక పద్దు

కుదిరిన బేరానికి సాక్ష్యాలు అనేకం. చిట్టాలో ఒక పద్దు, ఆవర్జాలో ఒక ఖాతా, రశీదు, సంతకం అన్నీ ఉంటాయి. కుదరని బేరానికి ఏముంటుంది? ధర అడిగినవాడు అడిగి వెళ్ళిపోతాడు, చెప్పినవాడు చెప్పి ఊరుకుంటాడు. వర్తక చరిత్రలో కుదిరిన బేరాలకన్న కుదరనివే ఎక్కువ అనడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. అయినను వాటికి లెక్క వ్రాసే అలవాటు బహుకాలం మనుష్యులకు లేదు. ఆ అలవాటు ఎట్లు వచ్చినదో, దానివలన ఒనగూడిన మేలేమిటో ముచ్చటించడమే ఈ వ్యాసోద్దేశం.

1494లో వెనిస్ నగరంలో లూకా పాచోలి అనే క్రైస్తవ సన్యాసి తన గణితగ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించి అచ్చువేయించాడు. ఆ విధానాన్ని కనిపెట్టినవాడు ఆయన కాదు. ఇటలీ వర్తకులు అంతకు పూర్వమే దానిని వాడుకలో పెట్టారు. ఆయన దానికి గ్రంథరూపమిచ్చాడు. చేయి మారిన ధనానికి, సరుకుకు మాత్రమే ఆ పుస్తకాలలో చోటు. జరిగినది వ్రాయాలి, జరగనిది వ్రాయరాదు. లెక్కల శాస్త్రానికి ఇది ధర్మమే. కాని వర్తకునికి ఇదొక్కటే చాలునా?

దాదాపు నాలుగు శతాబ్దాల తరువాత, 1879లో, అమెరికాలోని డేటన్ పట్టణంలో జేమ్స్ రిట్టీ గల్లాపెట్టె యంత్రానికి పేటెంటు పొందాడు. 1884లో జాన్ ప్యాటర్సన్ ఆ వ్యాపారాన్ని కొని దానికి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అని పేరుపెట్టాడు. అమ్మకందార్లకు పాఠాలు చెప్పించి, ఒక్కొక్కరికి ఇంత ప్రాంతం, ఇంత కోటా అని నిర్ణయించి, అమ్మకాన్ని ఒక విద్యగా తీర్చినవారిలో ఆయన ప్రముఖుడు. అయితే ఆయన అమ్మిన యంత్రం కూడా డబ్బు పెట్టెలో పడినప్పుడే గంట కొట్టేది. కొనకుండా మెట్లు దిగిపోయినవాని కోసం ఏ గంటా మ్రోగలేదు.

ఓడిన ధరకు విలువ ఉన్నదని గణితమార్గంలో చూపినవాడు లారెన్స్ ఫ్రీడ్‌మన్. 1956లో ఆయన పోటీ టెండర్లపై ఒక వ్యాసం ప్రకటించాడు. అందలి సారాన్ని మన లెక్కలో చెప్పుకొందాం. ఒక పనికి నాకు లక్ష రూపాయలు ఖర్చు. 1,10,000కు టెండరు వేస్తే పదింట ఆరుసార్లు పని దక్కుతుంది. 1,20,000కు వేస్తే రెండుసార్లే దక్కుతుంది. మొదటి ధరకు లాభం 10,000, సగటున చేతికందేది 6,000. రెండవ ధరకు లాభం 20,000 అయినా, సగటున అందేది 4,000 మాత్రమే. కావున మొదటి ధరే మేలు. ఇక్కడ కీలకమంతా ఆ ‘పదింట ఆరు’, ‘పదింట రెండు’ అనే అంకెలలో ఉన్నది. దక్కిన పనుల కాగితాలు మాత్రమే దాచుకొన్నవానికి ఈ అంకెలు ఎన్నటికీ దొరకవు. దక్కనివి కూడ దాచుకొన్నవానికే దొరుకుతాయి.

1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు చమురు ఇంజనీర్లు మరొక అడుగు వేశారు. భూగర్భంలో ఎంత చమురున్నదో ఎవరికీ రూఢిగా తెలియని వేలంలో, అందరికన్న ఎక్కువ అంచనా వేసుకొన్నవానికే ఆ స్థలం దక్కుతుంది. అనగా అతడు అసలు విలువకు మించి చెల్లించే ప్రమాదం ఉన్నది. దీనికే ‘గెలిచినవాని శాపం’ అని పేరు. ఓడిన ప్రతి బేరమూ నష్టం కాదన్నమాట.

ఈ జ్ఞానం సామాన్య వ్యాపారికి అందుబాటులోకి వచ్చినది కంప్యూటర్ల వలన. జర్మనీలో 1972లో పుట్టిన శాప్ సాఫ్ట్‌వేరులో కొటేషను ఒక సంఖ్య గల దస్తావేజు. అది తిరస్కరింపబడితే కారణాన్ని నమోదు చేయడానికి ప్రత్యేకమైన గడి ఉన్నది. అమెరికాలో 1993లో సీబెల్, 1999లో సేల్స్‌ఫోర్స్ అనే సంస్థలు అమ్మకం వెనుక నడిచే ఈ కథనంతటినీ గ్రంథస్థం చేయడమే వృత్తిగా స్వీకరించాయి. సేల్స్‌ఫోర్స్‌లో చేజారిన బేరం చివరి మజిలీ పేరు ‘క్లోజ్డ్ లాస్ట్’. మన దేశంలో 1986లో మొదలైన ట్యాలీలో ఆప్షనల్ వోచరు అనే సదుపాయం ఉన్నది. కొటేషనును ఆ రూపంలో వ్రాసి ఉంచితే అసలు ఖాతాలపై దాని ప్రభావం పడదు. పాచోలి నాటి ధర్మం చెడలేదు, జరగనిదానికీ చోటు దొరికినది.

అయితే వ్రాసినంత మాత్రాన నిజం తెలియదు. ఒక దుకాణదారు 40 కొటేషన్లు ఇచ్చాడనుకొందాం. 10 కుదిరాయి, 18 తప్పిపోయాయి, 12 సంగతి ఇంకా తేలలేదు. మొత్తం మీద చూస్తే నూటికి 25 గెలుపు. తేలినవాటిలో చూస్తే నూటికి సుమారు 36. ఏది చూస్తున్నామో ముందుగా చెప్పుకోకపోతే రెండు నివేదికలు పోట్లాడుకొంటాయి. గడువు తీరిన కొటేషనును ‘పోయినది’ అని గుర్తించక తుడిచివేస్తే, గెలుపు శాతం ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. ఇక కారణాల గడిలో అమ్మకందారు ప్రతిసారీ ‘ధర ఎక్కువ’ అని వ్రాయడం సులువు. ఎందుకనగా ఆ మాటలో అతని తప్పేమీ ఉండదు. ఆలస్యంగా జవాబిచ్చాను, సరుకు సంగతి సరిగా చెప్పలేకపోయాను అని వ్రాయడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని శిక్షించని యజమాని కూడ కావాలి.

ఉపాధ్యాయునిగా బడికి బల్లలు కొనే సందర్భాలలో నేను గమనించిన సంగతి ఒకటున్నది. మూడు కొటేషన్లు తెప్పించి, తులనాత్మక పట్టిక వ్రాసి, తక్కువ ధరవానికి పని ఇచ్చేవారం. ఓడిన ఇద్దరి కాగితాలు ఆడిటు కోసం మా ఫైలులో ఏళ్ళ తరబడి భద్రంగా ఉండేవి. ఓడిన వడ్రంగి వద్ద మాత్రం నకలు కూడ ఉండేది కాదు. ఎంత తేడాలో పోయినదో తెలియక, మరుసటి ఏడు మళ్ళీ అదే ధర వ్రాసి తెచ్చేవాడు. అతని ఓటమి వివరం అతనికి తప్ప అందరికీ తెలుసు! 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టెండర్లను కంప్యూటరు మార్గంలోకి మార్చిన తరువాత, పాల్గొన్నవారు తోటివారి ధరలను తెరపై చూసే వీలు కలిగినది. పెద్ద కంట్రాక్టర్లకు అందిన ఈ వెలుగు, కాగితం మీద మూడు కొటేషన్లతో సాగే చిన్న కొనుగోళ్ళకు అంత సులువుగా అందదు.

అందుకు ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. నోటుపుస్తకంలో అయిదు గళ్ళు చాలు: తేదీ, ఎవరు అడిగారు, ఎంత చెప్పాము, ఏమైనది, ఎందుకు. కొనేవారు కూడ ఓడినవానికి ‘నీ ధర ఇంత తేడాలో పోయినది నాయనా’ అని ఒక్క మాట చెప్పగలిగితే, ఆ అయిదవ గడిలో నిజం పడుతుంది. చేతిపని మీద బ్రతికేవానికి ఆ మాట రాబోయే ఏటి కూలితో సమానం.