కోత, తరుగు, నరుకుడు: ఒక ఇంగ్లీషు క్రియ, దాని తెలుగు పర్యాయాలు

ఇంగ్లీషు 'కట్' క్రియకు సరితూగే మాట తెలుగులో ఒక్కటంటూ లేదు. వరి కోస్తారు, చెరకు నరుకుతారు, కట్టెలు కొడతారు, గుడ్డ కత్తిరిస్తారు, వంకాయ తరుగుతారు, పెన్సిల్ చెక్కుతారు, తాటి గెల గీస్తారు, దారం తెంపుతారు, కొత్తిమీర తుంచుతారు. ఇంగ్లీషు క్రియకు ముక్క విడిపోవడమే ప్రధానం. తెలుగు క్రియలకు ఏ పనిముట్టు వాడారు, చెయ్యి ఎటు కదిలింది, వస్తువు ఎంత గట్టిది అన్నవి కూడా కావాలి. పైనుంచి దెబ్బ పడితే నరకడం, కొట్టడం. పదును ఆనించి లాగితే కోయడం. ముక్క వెంట ముక్క పల్చగా రాలితే తరగడం. రెండు అంచులు కలిస్తే కత్తిరించడం.

ఒక్క మామిడికాయ చాలు ఈ తేడా తెలియడానికి. చెట్టు నుంచి కాయ కోస్తారు. ఆవకాయకైతే టెంకతో సహా ముక్కలు కొట్టిస్తారు. ఆ పనికి బరువైన కత్తి, దెబ్బ గురి తప్పని చెయ్యి కావాలి. మాగాయకు చెక్కు తీసి తరుగుతారు. పప్పులోకి కోస్తారు, పచ్చడికి తురుముతారు. 'ఆవకాయకు తరిగాను' అంటే ఆ ఇంట ఆ ఏడు టెంక లేని ఆవకాయే అని వినేవాళ్లు అనుకుంటారు.

నిజానికి ఇంగ్లీషులోనూ 'కట్' పాత కాపు కాదు. 13వ శతాబ్దం చివర్లో గానీ అది రాతలో స్పష్టంగా కనిపించదు. ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదు, స్కాండినేవియా భాషల నుంచి కావచ్చునంటారు. అంతకు ముందు ఆ పనులన్నీ ఇప్పటి 'కార్వ్', 'హ్యూ' మాటల పూర్వరూపాలు చూసుకునేవి. కొత్త మాట బలపడ్డాక మొదటిది మాంసానికి, శిల్పానికి, రెండోది కలపకూ రాతికీ పరిమితమయ్యాయి.

మన సంప్రదాయంలో పర్యాయపదాల లెక్క అనగానే ముందు గుర్తొచ్చేది అమరకోశం. అది నామాల కోశం, క్రియలకు అందులో చోటు లేదు. అయినా మూడో కాండంలో 'తెగినది' అనే అర్థానికి ఛిన్నం, లూనం, కృత్తం, వృక్ణం వగైరా ఎనిమిది విశేషణాలను ఒక్క చోట చేర్చింది. వీటి మధ్య ఛాయాభేదం ఏమిటో చెప్పదు. వల్లె వేయడానికి కట్టిన కోశానికి ఆ అవసరం లేదు కూడా. పాణినీయ ధాతుపాఠమూ పలు ధాతువుల పక్కన 'ఛేదనే' అని రాసి ఊరుకుంది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం లాంటి తెలుగు పద్యకోశాలు అమరుడి దారినే నడిచాయి. పేర్లకు పేర్లు చెప్పాయి, పనుల జోలికి పెద్దగా పోలేదు. వంటింట్లో, పొలంలో పుట్టిన క్రియలు అలా చాలాకాలం కోశాల బయటే ఉండిపోయాయి.

ఆ కొరత తీర్చింది అకారాది నిఘంటువులు. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను కూర్చాడు. ఏ.డి. క్యాంప్‌బెల్ 1821లో మద్రాసులో అచ్చువేసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు దాని మీద బాగా ఆధారపడింది. 1835లో జె.సి. మోరిస్ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు మొదటి భాగం వచ్చింది. తరువాత కడప, మచిలీపట్నం, రాజమండ్రి కొలువుల్లో తెలుగు నేర్చిన సి.పి. బ్రౌన్ నిఘంటువులు 1852–54 మధ్య వెలువడ్డాయి. కావ్యభాషతో పాటు కచేరీల్లో, వ్యవహారంలో వినబడే భాషనూ బ్రౌన్ ఎక్కించాడు. ఇక్కడే ఒక చిక్కు మొదలైంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడు కోయు, నరుకు, తరుగు వేటికవే విడి మాటలు, దేని వివరం దానిది. ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు అవన్నీ ఒక్క మాట కింద కుప్పపడతాయి. తెలుగు వచ్చినవాడే ఏరుకోవాలి, రానివాడికి ఏది ఎక్కడ వాడాలో తెలియదు.

ఇంగ్లీషు పాఠకులకు ఈ బెడద అప్పటికే పరిచయం. జార్జ్ క్రాబ్ 1816లోనే పర్యాయపదాల మధ్య తేడాలు వివరిస్తూ పెద్ద గ్రంథం వేశాడు. బ్రౌన్ నిఘంటువు బయటికొచ్చిన 1852లోనే లండన్‌లో రోజెట్ థెసారస్ కూడా వచ్చింది. తెలుగులో క్రాబ్ చేసినలాంటి పని వెంటనే ఎవరూ ఎత్తుకోలేదు. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం కావ్యప్రయోగాలకు పెద్దపీట వేసింది. 'నఱకు'లో బండి ఱను జాగ్రత్తగా కాపాడింది గానీ, ఆవకాయ ముక్కలు 'కొట్టడం' అలాంటి కోశానికి పట్టే విషయం కాదు.

ఆ బండి ఱ విలువ మరింత స్పష్టమైంది మాత్రం ద్రావిడ భాషలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మర్రే ఎమెనో, ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ బరో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువుల మీద రాసిన గ్రంథాన్ని అదే ఏడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణశాల ప్రచురించింది. మన 'కోయు'కు తమిళంలో, కన్నడంలో 'కొయ్' తోబుట్టువు. పంట కోత, పూల కోత రెండూ ఆ ధాతువులో ముందునుంచీ ఉన్నవే. కేరళలో ఇప్పటికీ పంటకోతను 'కొయ్త్తు' అంటారు. 'నఱకు'కు తమిళ రూపం 'నఱుక్కు'. విచిత్రమేమిటంటే తమిళ వంటింట్లో కూరగాయలను నఱుక్కుతారు, తెలుగులో నరికేది చెట్లనూ తలలనూ. కృష్ణమూర్తి ధాతువును, దానికి చేరిన ప్రత్యయాన్ని విడదీసి చూపారు. తెగు–తెంపు, చీలు–చీల్చు వంటి జంటల్లో ఒకటి తనంత తాను జరిగేది, ఇంకొకటి ఎవరో చేసేది. ఇంగ్లీషు 'కట్'లో ఇలాంటి జంట లేదు. 'తెగ' చేరితే తెగ్గోయడం, తెగనరకడం, తెగ్గొట్టడం. పని పూర్తిగా అయిపోయిందన్న అర్థం అలా వస్తుంది. 'బేరం తెగలేదు' అన్నప్పుడు మాత్రం తెగడమంటే కుదరడమే.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయానికి కేటాయించింది. దాని సంపాదకుడూ కృష్ణమూర్తే. జిల్లాల్లో రైతుల నోట విని సేకరించిన మాటలవి. ఛాయాభేదాలు పుస్తకంలో కాక పనిలో ఉంటాయని ఒప్పుకున్న తొలి పెద్ద ప్రయత్నం అదే అనాలి. వ్యవహారభాషకు ప్రాధాన్యమిచ్చిన జె.పి.ఎల్. గ్విన్ నిఘంటువు 1991లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని లివర్మోర్‌లో, యూసీ డేవిస్‌లో పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు 2002లో ఢిల్లీలో అచ్చయింది.

లివర్మోర్‌కు దగ్గర్లోనే ఉంది శాన్ రామన్. బర్క్‌లీ కొండలు దాటితే వచ్చే ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. ఇక్కడి వంటింట్లో కత్తిపీట ఉండదు. కత్తిపీట మీద కత్తి కదలదు, కాయ కదులుతుంది. చెక్క పలక మీద కాయ కదలదు, కత్తి కదులుతుంది. పనిముట్టు మారినప్పుడు క్రియ పట్టు సడలడం సహజం. పెద్దవాళ్లు 'వంకాయలు తరుగు' అంటే పిల్లలు 'కట్ చేస్తున్నా' అంటారు. ఇది అమెరికా తెలుగు చేసుకున్న పాపమేమీ కాదు, హైదరాబాదులోనూ వినబడేదే. ఫోను కట్ అవుతుంది, కేకు కట్ చేస్తారు, సీన్ కట్ చేస్తారు. ఇవి పనితో పాటు మాటనూ వెంట తెచ్చుకున్నాయి. పాత పనుల్లో మాత్రం కొత్త మాటకు అంత సులువుగా చోటు దొరకలేదు. జీతంలో, కరెంటులో ఇంకా 'కోత'లే. గొప్పలు చెప్పేవాడు కోతలే కోస్తాడు, కట్ చేయడు. పెరట్లో పూలు కూడా కోస్తారు గానీ కట్ చేయరు.