అంగారకుడి వక్రగతి

నక్షత్రాల మధ్య రోజూ కొంచెం కొంచెంగా తూర్పుకు జరిగే అంగారకుడు సుమారు 780 రోజులకు ఒకసారి నిలిచిపోయి, రెండు రెండున్నర నెలలు పడమటికి నడిచి, మళ్లీ తూర్పు దారి పడతాడు. దీన్నే వక్రగతి అంటారు. పంచాంగాల్లో ‘కుజుడు వక్రించాడు’ అని రాసేది ఇదే. మిగతా గ్రహాలూ వక్రిస్తాయి కానీ లెక్కకు అన్నిటికంటే మొండికేసింది కుజుడే. గ్రహగమన శాస్త్రం పెద్ద మలుపు తిరిగింది కూడా ఆయన దగ్గరే.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు గణితవేత్త యుడాక్సస్ భూమి చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలతో ఈ నడకను వివరించాడు. ఆ గోళాల్లో గ్రహం ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. వక్రించే రోజుల్లో కుజుడు ఎందుకంత ఎర్రగా వెలిగిపోతాడో ఆ నమూనా చెప్పలేదు. పెద్ద వృత్తం మీద తిరిగే చిన్న వృత్తం, అంటే ఉపవృత్తం, ఆ లోటు తీర్చింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ రాసిన ‘అల్మాజెస్ట్’ దానికి పూర్తి రూపమిచ్చింది.

మన సిద్ధాంత గ్రంథాలు సూర్యచంద్రులు కాని ఐదు గ్రహాలకూ రెండు సవరణలు చేస్తాయి. నడకలోని హెచ్చుతగ్గులకు మందఫలం, వక్రగతికి శీఘ్రఫలం. 499 నాటి ఆర్యభటుడి గణితంలో కుజ, గురు, శనులకు శీఘ్రోచ్చం, అంటే శీఘ్రఫలాన్ని లెక్కించే ఆధార బిందువు, మధ్యమ సూర్యుడే (సగటు వేగంతో నడిచే సూర్యుడు). భూమిని నడుమ పెట్టుకున్న లెక్కలోనే సూర్యుడు ఇలా దాగి ఉండటం ఈ చరిత్రలో గొప్ప విశేషం. కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో మరో అడుగు వేసి, ఐదు గ్రహాలూ సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరిగే ఏర్పాటు చెప్పాడు.

1543లో కోపర్నికస్ భూమినీ ఒక గ్రహంగా లెక్కించాక వక్రగతి కంటికి తోచే మార్పుగా తేలిపోయింది. పక్క పట్టాల మీద ముందుకే పోతున్న రైలును మన రైలు దాటుతుంటే అది వెనక్కి జరిగినట్టుంటుంది. సెకనుకు 30 కిలోమీటర్లు పోయే భూమి 24 కిలోమీటర్లు పోయే కుజుణ్ణి దాటినప్పుడూ అంతే. అయితే కోపర్నికస్ వృత్తాలను వదల్లేదు. అందువల్ల లెక్కల ఖచ్చితత్వం పెద్దగా పెరగలేదు.

ఆ పని జొహానెస్ కెప్లర్‌ది. డెన్మార్క్ ఖగోళజ్ఞుడు టైకో బ్రాహి దుర్భిణి లేని కాలంలో వట్టి కంటితో, పెద్ద పెద్ద కోణమాపకాలతో ఏళ్ల తరబడి కుజుడి స్థానాలు కొలిచాడు. 1600లో ఆయన దగ్గర చేరిన కెప్లర్‌కు కుజుడి లెక్క అప్పగించారు. వృత్తంతో కట్టిన నమూనాకూ టైకో కొలతలకూ 8 కళల తేడా వచ్చింది. కళ అంటే డిగ్రీలో 60వ వంతు. 8 కళలు నిండు చంద్రుడి వెడల్పులో పావు వంతు. టాలమీ నాటి పరిశీలనల్లో 10 కళల పొరపాటు మామూలే. టైకో అంత పొరపడడని నమ్మిన కెప్లర్, ఏళ్లు పోసి కట్టిన తన నమూనానే పక్కన పెట్టేశాడు. ఈ నిజాయితీకి సాటి వచ్చేవి విజ్ఞాన చరిత్రలో కొద్దే.

ఆ తర్వాత ఆయన పట్టుకున్న ఉపాయం మరీ అందమైనది. కుజుడు 687 రోజులకు తిరిగి అదే చోటికి వస్తాడు, అప్పటికి భూమి వేరే చోట ఉంటుంది. అలాంటి రోజుల కొలతలు ఏరి, కుజుణ్ణి పాతిన రాయిలా వాడుకుని ముందు భూమి కక్ష్యను గీశాడు. దాని మీద నిలబడి కుజుడి కక్ష్యను కొలిచాడు. అది దీర్ఘవృత్తమని, సూర్యుడు దాని రెండు నాభుల్లో ఒకదానిలో ఉన్నాడని తేలింది. ఆ ఫలితం 1609లో ‘అస్ట్రోనోమియా నోవా’గా వెలువడింది. కుజుడి కక్ష్య అడ్డుకొలత నిలువు కొలత కంటే అర శాతం కూడా తక్కువ కాదు. అంత సన్నని తేడాను పట్టించింది ఆ 8 కళలే.

దీర్ఘవృత్తం ఎందుకన్నదానికి 1687లో న్యూటన్ గురుత్వాకర్షణ జవాబిచ్చింది.

తెలుగు పంచాంగాల్లో పాత సిద్ధాంతాల దారి, ఆధునిక గణితం దారి రెండూ నేటికీ నడుస్తున్నాయి. దృక్ పద్ధతి వారు ఆధునిక గణితంతో, పూర్వపద్ధతి వారు సూర్యసిద్ధాంతపు మంద, శీఘ్ర ఫలాలతో గ్రహాలను కడతారు. కుజుడు వక్రించే తేదీ రెండింటిలో వేరుగా కనిపించడానికి కారణం ఇదే.