వెసువియస్ మంట, వోలేర్ వెన్నెల

పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా సంపన్న కుటుంబాల యువకులు చదువు పూర్తిచేసుకున్నాక ఇటలీ చుట్టి రావడం ఆచారంగా ఉండేది. గ్రాండ్ టూర్ అని పేరుపడిన ఆ యాత్రలో నేపుల్స్‌కు ప్రత్యేక స్థానం దక్కడానికి కారణం 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో ఆరంభమైన తవ్వకాలు మాత్రమే కాదు, క్రీ.శ. 79లో ఆ రెండు పట్టణాలనూ పూడ్చివేసిన వెసువియస్ అగ్నిపర్వతం సముద్రపు ఒడ్డునే నిలిచి ఇంకా నిప్పులు కక్కుతూ ఉండటం కూడా. 1631లో వేలమందిని బలిగొన్న ఆ కొండే చిత్రకారులకు జీవనోపాధి అయింది.

ఆ గిరాకీని అందరికన్నా బాగా గ్రహించినవాడు, ఫ్రాన్సులోని తూలోన్ నుంచి వచ్చి 1760ల చివర నేపుల్స్‌లో స్థిరపడిన పియర్ జాక్ వోలేర్. వెన్నెల రేవుల చిత్రణకు పేరుపొందిన వెర్నే దగ్గర పనిచేసిన అనుభవంతో అతడు ఒక పక్క లావా, అంటే కరిగి పారే శిలాద్రవం, ఎర్రగా మండుతుండగా మరో పక్క చందమామ కింద సముద్రం చల్లగా మెరిసేటట్టు, ఆ రెంటి నడుమ మనుషులు చీమల్లా కనిపించేటట్టు ఒక అమరిక స్థిరపరచి, దాన్నే మళ్ళీ మళ్ళీ గీశాడు. కొండ బద్దలైన ప్రతి రాత్రీ వెన్నెల కాయడం ప్రకృతిలో కుదిరే పని కాదు గాని, కొనుగోలుదారులెవరూ పంచాంగం చూసి బొమ్మ కొనలేదు. అంత వెచ్చించలేని యాత్రికుల కోసం గువాష్ చిత్రాలు, అంటే అడుగు కాగితం కనిపించనంత చిక్కని నీటిరంగులతో వేసిన చిన్న బొమ్మలు, విరివిగా తయారయ్యేవి.

కళ్ళారా చూడటం ఈ కళకు తప్పనిసరి కూడా కాలేదు. 1774లో నేపుల్స్ వచ్చిన ఆంగ్ల చిత్రకారుడు జోసెఫ్ రైట్ పెద్ద విస్ఫోటనమేదీ చూడకపోయినా దాదాపు ముప్పై వెసువియస్ చిత్రాలు వేశాడు. మరో ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1817లో ఆ కొండ మంటలను చిత్రించేనాటికి ఇటలీ ప్రయాణానికి ఇంకా రెండేళ్ళుంది. దీనికి భిన్నంగా, 1764 నుంచి నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న విలియం హామిల్టన్ కొండను పలుమార్లు ఎక్కి పరిశీలించి, పియెట్రో ఫాబ్రిస్ చేత బొమ్మలు వేయించి, చేత్తో రంగులద్దిన 54 ఫలకాలతో 1776లో వెలువరించిన గ్రంథంలో ప్రవాహాలు, రాళ్ళు, బిలాలు సాక్ష్యాలుగా నిలిచాయి.

భావావేశానికీ ప్రకృతి మహత్తుకూ పెద్దపీట వేసిన కాల్పనికోద్యమపు చిత్రకారుల్లో ఈ రెండు దారులనూ కలిపినవాడు నార్వేకు చెందిన యోహాన్ క్రిస్టియన్ డాల్. డెన్మార్క్ యువరాజు క్రిస్టియన్ ఫ్రెడెరిక్ ఆహ్వానంపై వెళ్ళిన అతడు 1820 డిసెంబరులో కొండ బద్దలైనప్పుడు పైకెక్కి చూసి, మరుసటి ఏడాదే ఆ దృశ్యాన్ని చిత్రించాడు. గడ్డకట్టిన లావా గరుకుదనం అందులో ముందుకు వచ్చింది, సముద్రం వెనక్కి జరిగింది. అయితే వెసువియస్‌పై మోజు తగ్గలేదు కాబట్టి, 1820 నాటి ఆ డిసెంబరునే అతడు 1826లో మరోసారి చిత్రించాడు.