అక్వేరియం నీటి శుద్ధి మందుల పరీక్ష

అక్వేరియం నీటి శుద్ధి మందుల పరీక్ష అనగా, ఇళ్ళలో అలంకార చేపలను పెంచే మంచినీటి తొట్టెలలో వాడే ద్రావణాలు, పొడులు తమ సీసాపై చెప్పిన పనిని నిజంగా చేస్తున్నాయో లేదో కొలతల ద్వారా తెలుసుకునే పద్ధతి. మందు వేసిన నీటిని, మందు వేయని అదే నీటితో పక్కపక్కనే పోల్చి చూడటం దీని మూలసూత్రం. క్లోరిన్ పోవటం, మడ్డి తేరుకోవటం, అమ్మోనియా తగ్గటం వంటి మార్పులు మందు లేకపోయినా కాలక్రమంలో జరుగుతాయి. పోలిక లేనిచోట ఆ మార్పుల ఘనత అంతా మందుకే దక్కుతుంది. ఈ వ్యాసంలో స్థానిక ఉదాహరణలు గూడూరు పరిసరాల నుండి తీసుకొనబడినవి.

నేపథ్యం

గూడూరు 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చబడినది. పట్టణానికి తూర్పున కోట, వాకాడు మొదలైన తీర మండలాలలో 1990ల నుండి ఉప్పునీటి రొయ్యల పెంపకం విస్తరించినది. 1994లో ఆంధ్ర తీరంలో తెల్లమచ్చ వైరస్ వ్యాధి వ్యాపించిన తరువాత చెరువు నీటిని బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేయటం, జియోలైటు చల్లటం, మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమాలను వాడటం రైతులకు సాధారణమైనవి. ఇదే రకపు పదార్థాలు చిన్న సీసాలలో, వేరు పేర్లతో ఇంటి అక్వేరియాల కొరకు కూడా అమ్మబడుతున్నవి.

ఈ రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చినది. మంచినీటి చేపల పెంపకం ఆ చట్టం పరిధిలోకి రాదు. కనుక ఇంటి తొట్టె కొరకు కొన్న సీసాలో ఏమున్నదో, అది ఎంత పని చేస్తుందో తెలుసుకునే భారం చాలావరకు పెంచేవారిపైనే పడుతున్నది.

మందులలో రకాలు

ఇంటి తొట్టెలలో వాడే నీటి మందులను స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పవచ్చును.

1. క్లోరిన్‌ను తొలగించేవి: వీటిలో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేటు. పూర్వం ఫోటో స్టూడియోలలో వాడిన హైపో ఇదే.
2. అమ్మోనియాను బంధించేవి లేదా పీల్చుకునేవి: కొన్ని ద్రావణాలు అమ్మోనియాతో రసాయనికంగా కలుస్తాయి. జియోలైటు రాళ్ళు అమ్మోనియంను తమలోకి పీల్చుకుంటాయి.
3. బాక్టీరియా మిశ్రమాలు: అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను కలిగి ఉన్నవని చెప్పబడేవి.
4. నీటిని తేర్చేవి: నీటిలో తేలే సన్నని రేణువులను ఒకచోట చేర్చి అడుగుకు దించేవి. మన ఇళ్ళలో పటిక, చిల్లగింజ (ఇందుపగింజ) బురదనీటిని తేర్చటానికి తరతరాలుగా వాడబడుతున్నవి.

నాలుగవ రకం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. తేరిన నీరు చేపలకు సురక్షితమైన నీరు కానక్కరలేదు. అమ్మోనియా, నైట్రైటు, క్లోరిన్ కంటికి కనిపించవు. అద్దంలా ఉన్న నీటిలోనూ చేపలు చనిపోవచ్చును. పైగా పటిక ఎక్కువైతే నీటి క్షారత్వం, పీహెచ్ రెండూ పడిపోతాయి.

ముందుగా నీటిని కొలుచుట

పరీక్షకు ముందు ఏ నీటితో ప్రారంభిస్తున్నామో తెలియవలెను. ఒకే ఇంట్లో మూడు రకాల నీరు ఉండవచ్చును.

కుళాయి నీరు: భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం క్లోరిన్ కలిపిన తాగునీటిలో వినియోగదారుని వద్ద కనీసం లీటరుకు 0.2 మి.గ్రా. అవశేష క్లోరిన్ ఉండవలెను. మనుషులకు రక్షణనిచ్చే ఈ పరిమాణమే చేపల మొప్పలకు హానికరం.

బోరునీరు: ఇందులో సాధారణంగా క్లోరిన్ ఉండదు. కఠినత్వం మాత్రం ఎక్కువగా ఉండవచ్చును. తాగునీటికి పై ప్రమాణం సూచించిన కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా.; వేరే నీరు దొరకనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతించబడినది.

క్యాను నీరు: ఆర్వో యంత్రంలో వడకట్టిన ఈ నీటిలో లవణాలు, క్షారత్వం చాలా తక్కువ. అందువలన తొట్టెలో పీహెచ్ త్వరగా పడిపోయే అవకాశం ఉన్నది.

బోరునీటిలో క్లోరిన్ తొలగించే మందు వేసి "పనిచేసినది" అనుకోవటంలో అర్థం లేదు, ఎందుకనగా అక్కడ తొలగించవలసిన క్లోరినే లేదు. కుళాయి నీటిలో కూడా సంపులో నిలువ ఉన్న తరువాత క్లోరిన్ సున్నాకు చేరి ఉండవచ్చును.

క్లోరిన్ మందు పరీక్ష

ఒకే కుళాయి నుండి ఒకే సమయంలో మూడు బకెట్లలో పదేసి లీటర్ల నీరు పట్టవలెను. మొదటి దానిని కదలించక నీడలో ఉంచవలెను. రెండవ దానిలో సీసాపై చెప్పిన మోతాదులో మందు కలపవలెను. మూడవ దానిలో మందు వేయక గాలి పంపు మాత్రం పెట్టవలెను. నీరు పట్టిన వెంటనే, మందు కలిపిన 5 నిమిషాలకు, తరువాత 1 గంటకు, 6 గంటలకు, 24 గంటలకు క్లోరిన్‌ను కొలిచి రాసుకొనవలెను. ఇందుకు డీపీడీ పరీక్ష (గులాబీ రంగు) అనుకూలమైనది. నీటి సరఫరా సిబ్బంది వాడే క్లోరోస్కోపులో పసుపు రంగునిచ్చే ఆర్థోటోలిడిన్ విషపదార్థం కనుక దానిని పిల్లల చేతికి ఇవ్వరాదు.

మందు సరైనదైతే రెండవ బకెట్లో క్లోరిన్ నిమిషాలలోనే సున్నాకు వస్తుంది. మొదటి, మూడవ బకెట్లలో క్రమంగా తగ్గుతుంది. గాలి పంపు ఉన్నచోట ఇంకా త్వరగా తగ్గుతుంది. ఒక్క 24 గంటల తరువాతి కొలతనే చూసినవారికి మూడు బకెట్లూ ఒకే ఫలితాన్ని చూపవచ్చును. కనుక ఈ పరీక్షలో మొదటి 5 నిమిషాల కొలతే మందు విలువను తేల్చుతుంది. నీటిని ఒక రోజు నిలువ ఉంచగలిగిన ఇంటిలో ఈ మందు అవసరం తక్కువ అని కూడా ఇదే పరీక్ష తెలుపుతుంది. అయితే క్లోరమైన్ వాడే ఊళ్ళలో నిలువ ఉంచినంత మాత్రాన అది పోదు. హైపో క్లోరమైన్‌ను విడగొడుతుంది గానీ అందులోని అమ్మోనియా నీటిలో మిగిలిపోతుంది.

లెక్క ప్రకారం 1 మి.గ్రా. క్లోరిన్‌కు సుమారు 7 మి.గ్రా. హైపో స్ఫటికాలు సరిపోతాయి. లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్ గల 50 లీటర్ల నీటికి 350 మి.గ్రా. చాలును.

అమ్మోనియా మందు పరీక్ష

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అమ్మోనియం అయాను హాని తక్కువ. స్వేచ్ఛా అమ్మోనియా తీవ్రమైన విషం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తంలో సుమారు 0.8 శాతం మాత్రమే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే సుమారు 7.5 శాతం. అలంకార చేపల పెంపకానికి పేరుపొందిన చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల నుండి చేపలు ఆక్సిజన్ నింపిన సంచులలో గంటల కొలది ప్రయాణిస్తాయి. సంచిలో అమ్మోనియా పేరుకున్నా, చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వలన పీహెచ్ తక్కువగా ఉండి రక్షణ కలుగుతుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అమ్మోనియా విషమవుతుంది. ఈ మందులకు ఎక్కువ గిరాకీ ఉండేది ఇటువంటి సందర్భాలలోనే.

పరీక్షకు చేపలు అవసరం లేదు. నవసాగరం (అమ్మోనియం క్లోరైడు) 6.3 గ్రాములను ఒక లీటరు నీటిలో కరిగించి, అందులో 10 మి.లీ. తీసుకొని 10 లీటర్ల క్లోరిన్ లేని నీటిలో కలిపితే లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా ఏర్పడుతుంది. ఇట్టి రెండు తొట్లలో ఒకదానిలో మాత్రమే మందు వేసి పోల్చవలెను.

ఇక్కడ పరీక్షా సాధనమే పొరపాటు చూపవచ్చును. నెస్లర్ ద్రావకంతో చేసే పరీక్షను క్లోరిన్, అమ్మోనియా మందులు తప్పుదారి పట్టించగలవు. పైగా అందులో పాదరసం ఉంటుంది. సాలిసిలేటు పరీక్ష ఇందుకు మేలైనది. అయితే అది మందు బంధించిన అమ్మోనియాను కూడా కలిపి చూపవచ్చును. కనుక రంగు మారనంత మాత్రాన మందు విఫలమైనదని గానీ, సఫలమైనదని గానీ చెప్పరాదు. జియోలైటు విషయంలో కొలత నిజంగానే తగ్గవలెను. అదే తొట్టెలో తరువాత ఉప్పు వేస్తే జియోలైటు పీల్చిన అమ్మోనియం తిరిగి నీటిలోకి వస్తుంది.

బాక్టీరియా మందు పరీక్ష

అమ్మోనియాను, నైట్రైటును ఆక్సీకరించే బాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసెను. నైట్రైటును మార్చేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం భావించబడినది. మంచినీటి అక్వేరియాలలో ఆ పని చేసేవి నైట్రోస్పైరా వర్గపు బాక్టీరియా అని 1998లో హోవానెక్ బృందం ప్రకటించినది. సీసాపై కేవలం నైట్రోబాక్టర్ పేరు ఉన్నప్పుడు ఈ విషయం గుర్తుంచుకొనవలెను.

కొత్త తొట్టెలో మందు లేకుండానే ఈ బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. కనుక "నెల రోజులలో నీరు బాగుపడినది" అన్నది మందుకు సాక్ష్యం కాదు. ఒకే పరిమాణపు రెండు తొట్లు, ఒకే రకం స్పాంజి ఫిల్టర్లు, కొత్త గులకరాళ్ళు తీసుకొని, రెంటిలోనూ నవసాగరంతో అమ్మోనియాను 2 మి.గ్రా. వద్దకు తెచ్చి, ఒకదానిలో మాత్రమే బాక్టీరియా మందు వేసి ప్రతిదినం అమ్మోనియాను, నైట్రైటును కొలవవలెను. మొక్కలు అమ్మోనియాను పీల్చుకుంటాయి కనుక వాటిని ఉంచరాదు. ఒక తొట్టెలో ముంచిన వల, చెంబు, చెయ్యి రెండవ దానిలో ముంచరాదు. ఏ తొట్టెలో అమ్మోనియా, నైట్రైటు రెండూ ముందుగా సున్నాకు చేరినవో, ఎన్ని రోజుల తేడా వచ్చినదో అదే ఫలితం. ఈ బాక్టీరియా తమ పనిలో నీటి క్షారత్వాన్ని ఖర్చుచేస్తాయి. క్యాను నీటితో పరీక్ష చేస్తే మందు మంచిదైనా పని మధ్యలో ఆగిపోవచ్చును.

మోతాదు లెక్క

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తొట్టె ఘనపరిమాణం 54 లీటర్లు. గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసివేస్తే నీరు సుమారు 45 లీటర్లే ఉంటుంది.

రొయ్యల చెరువుల మందును ఇంటి తొట్టెలో వాడేవారు ఎకరాల లెక్కను లీటర్లలోకి మార్చవలెను. ఒక మీటరు లోతు గల ఎకరం చెరువులో సుమారు 40.5 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. ఎకరాకు 10 కిలోలు అనగా లీటరుకు సుమారు 2.5 మి.గ్రా. మాత్రమే. 45 లీటర్ల తొట్టెకు ఇది 0.11 గ్రాము, వేళ్ళతో తీసిన చిటికెడు దీనికి కొన్ని రెట్లు కావచ్చును. సల్ఫైటు రకపు మందులు ఎక్కువైతే నీటిలోని ఆక్సిజన్‌ను కూడా తగ్గిస్తాయి. ఎండాకాలంలో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకనగా 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మి.గ్రా. ఆక్సిజన్ కరగగా, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది.

పరిమితులు

ఒక్కసారి చేసిన పరీక్ష యాదృచ్ఛికం కావచ్చును. కనీసం మూడుసార్లు, వీలైతే వేసవిలోను వర్షాకాలంలోను చేయుట మంచిది. మందు వేసిన తొట్టె ఏదో కొలిచేవారికి తెలియకుండా మరొకరు గుర్తులు పెడితే, రంగు చూసి చెప్పటంలో పక్షపాతం తగ్గుతుంది. గడువు తీరిన మందు, ఎండలో ఉంచిన బాక్టీరియా సీసా ఇచ్చిన ఫలితాన్ని ఆ రకం మందులన్నిటికీ అన్వయించరాదు.

పై పరీక్షలన్నీ చేపలు లేని నీటిలోనే చేయదగినవి. చేప చనిపోవటం ద్వారా తెలిసే విషయం చాలావరకు రంగు పరీక్ష ద్వారా ముందే తెలుస్తుంది. పరీక్షలో నెగ్గిన మందును కూడా మొదట ఒకటి రెండు గట్టి చేపలున్న తొట్టెలో, సగం నీరు మార్చటానికి సిద్ధం చేసుకొని మాత్రమే వాడవలెను.